పాఠకుల సందేహాలు: బిట్‌కాయిన్ తరువాతి వరుసలో పదేళ్ళు దాచుకోదగ్గ నాణెం ఏది?

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతాల నుంచి వస్తున్న ఉత్తరాలలో ఆల్ట్‌కాయిన్ల, అంటే బిట్‌కాయిన్ కాని ఇతర క్రిప్టో నాణేల, ప్రస్తావన బాగా పెరిగింది. బిట్‌కాయిన్ ధర అందనంత ఎత్తుకు వెళ్ళిందని భావించి, దాని వెనుక వరుసలో ఉన్న ఇథీరియం, సొలానా, ఎక్స్‌ఆర్‌పీ, కార్డానో వంటివాటిని దీర్ఘకాలానికి కొని ఉంచుకోవచ్చునా అని అడిగినవారే ఎక్కువ. అందుచేత ఈ సంచికలో ఆ ప్రశ్నలకే చోటు ఇస్తున్నాము. పాఠకుల కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని. వయసు 38 ఏళ్ళు, మా పాపకు ఆరేళ్ళు. పాప పైచదువుల కోసం పదేళ్ళపాటు నెలకు 5,000 రూపాయల చొప్పున క్రిప్టోలో పెట్టాలని అనుకుంటున్నాను. తోటి అధ్యాపకులలో ఒకరు ఇథీరియం మంచిదంటే మరొకరు సొలానా అంటున్నారు. అమెరికాలో ఉన్న మా బావమరిది ఎక్స్‌ఆర్‌పీ తప్ప వేరేది వద్దంటున్నాడు. పాలిగన్ మన దేశస్థులు స్థాపించినది కనుక దాని మీద నాకు మక్కువ ఉంది. వీటిని ఏ ప్రాతిపదికన పోల్చుకోవాలి? — పటమట, విజయవాడ

జవాబు: ఈ నాణేలను పోల్చేటప్పుడు సాధారణంగా అందరూ సెకనుకు ఎన్ని లావాదేవీలు జరుగుతాయి, రుసుము ఎంత తక్కువ, సాంకేతికత ఎంత కొత్తది అన్నవే చూస్తారు. అవి ఆ నెట్‌వర్క్‌ను వాడుకునేవారికి పనికివచ్చే వివరాలు. నాణేన్ని కొని పదేళ్ళు కదపకుండా ఉంచదలచినవారు వేసుకోవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ పదేళ్ళలో కొత్తగా ఎన్ని నాణేలు మార్కెట్లోకి వస్తాయి, అవి ఎవరి చేతుల నుంచి వస్తాయి అన్నది మొదటిది. నెట్‌వర్క్ వాడకం పెరిగినప్పుడు ఆ లాభం నాణెం ఉన్నవారికి ఏ దారిన చేరుతుంది అన్నది రెండవది. షేరు కొన్నవారికి కంపెనీ లాభాలలో చట్టబద్ధమైన వాటా ఉంటుంది. ఈ నాణేలు కొన్నవారికి అటువంటి హక్కు ఏదీ లేదు కనుక, ఈ రెండవ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు.

ముందు ఇథీరియం సంగతి చూద్దాము. 2015 జులై 30న మొదలైన ఈ నెట్‌వర్క్‌లో బిట్‌కాయిన్‌కు ఉన్నట్టు 2.1 కోట్ల నాణేల వంటి గరిష్ఠ పరిమితి లేదు. అయినా సరఫరా అదుపు తప్పలేదు, ఎందుకంటే 2021 ఆగస్టులో చేసిన మార్పుతో ప్రతి లావాదేవీ రుసుములో కొంత భాగం శాశ్వతంగా రద్దయిపోయే ఏర్పాటు వచ్చింది. 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను (కంప్యూటర్ల పోటీతో లావాదేవీలను ధృవీకరించే పద్ధతిని) పూర్తిగా వదిలిపెట్టి, నాణేలను నెట్‌వర్క్‌లో పూచీగా ఉంచి ధృవీకరించే స్టేకింగ్ పద్ధతికి మారడంతో విద్యుత్ వినియోగం 99 శాతానికి పైగా తగ్గింది, కొత్త నాణేల విడుదల కూడా దాదాపు పదో వంతుకు పడిపోయింది. రద్దీగా ఉన్న రోజులలో పుట్టే నాణేల కంటే రద్దయ్యేవే ఎక్కువగా ఉండి, మొత్తం సంఖ్య తగ్గిన కాలం కూడా ఉంది. వాడకం పెరిగితే దాచుకున్నవారికి మేలు జరిగే దారి ఇంత స్పష్టంగా కనిపించిన నాణేలు తక్కువ.

అయితే 2024 మార్చిలో వచ్చిన డెన్‌కున్ అనే సాంకేతిక మార్పు తరువాత లావాదేవీలు పెద్ద ఎత్తున ఇథీరియం మీద ఆధారపడి నడిచే అనుబంధ నెట్‌వర్క్‌లకు తరలిపోయాయి. అక్కడ రుసుము బాగా తగ్గింది. ప్రధాన నెట్‌వర్క్‌లో రద్దయ్యే మొత్తం కూడా దానితోపాటే పడిపోయి, నాణేల సంఖ్య మళ్ళీ మెల్లగా పెరగడం మొదలైంది. వాడుకునేవారికి ఎంతో మేలు చేసిన సంస్కరణ దాచుకున్నవారికి అంతగా కలిసిరాలేదన్నమాట. మీ తోటి అధ్యాపకులు ఇథీరియం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పారో లేదో అడిగి చూడండి. ధర విషయానికి వస్తే 2021 నవంబరులో దాదాపు 4,800 డాలర్లకు చేరిన ఇథీరియం, 2022 జూన్‌లో 1,000 డాలర్ల కిందికి దిగింది. పాత గరిష్ఠాన్ని దాటడానికి 2025 ఆగస్టు వరకు పట్టింది. శిఖరం మీద కొన్నవారు తమ అసలు తాము చూసుకోవడానికి దాదాపు నాలుగేళ్ళు ఆగవలసి వచ్చిందన్నమాట. ఈ వరుసలో బలమైనదని నేను చెప్పబోతున్న నాణెం చరిత్రే ఇలా ఉంది.

సొలానా 2020 మార్చిలో మొదలైంది. వేగం దాని బలం, నిలకడ లేకపోవడం చాలాకాలం దాని బలహీనత. 2021 సెప్టెంబరులో ఆ నెట్‌వర్క్ దాదాపు 17 గంటలు ఆగిపోయింది, 2024 ఫిబ్రవరిలో మరోసారి సుమారు ఐదు గంటలు స్తంభించింది. 2021 నవంబరులో 260 డాలర్ల దాకా వెళ్ళిన ధర, దానికి పెద్ద అండగా ఉన్న ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజి (క్రిప్టో నాణేల క్రయవిక్రయాల వేదిక) 2022 నవంబరులో దివాలా తీయడంతో ఆ ఏడాది చివరకు 10 డాలర్ల లోపుకు పడిపోయింది. అంత లోతు నుంచి లేచి 2025 జనవరిలో కొత్త గరిష్ఠాన్ని చూసిందంటే ఆ నెట్‌వర్క్ మీద పనిచేసేవారు, దాన్ని వాడేవారు వదిలిపోలేదని ఒప్పుకోవాలి. ఇక లోపాలు చూస్తే, కొత్త నాణేల విడుదల ఏటా 8 శాతంతో మొదలై 1.5 శాతానికి క్రమంగా తగ్గేలా ఏర్పాటు ఉన్నా, ఇథీరియంతో పోలిస్తే సరఫరా పెరుగుదల ఇంకా ఎక్కువే. ఆ పైన 2024, 2025లలో అక్కడ కనిపించిన రద్దీలో మీమ్ కాయిన్ల (వేళాకోళంగా పుట్టించిన నాణేల) జూదానిది పెద్ద వాటా. జూదరులు మరో చోటికి తరలిపోతే ఆ రుసుములు కూడా వారితోనే పోతాయి.

మీ బావమరిది చెప్పిన ఎక్స్‌ఆర్‌పీ విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. ఈ నాణేలు 10,000 కోట్లూ ఆరంభంలోనే సృష్టి అయ్యాయి, వాటిలో అత్యధిక భాగం బ్యాంకులకు చెల్లింపుల సేవలు అందించే రిపుల్ కంపెనీకి దక్కింది. 2017 డిసెంబరులో ఆ కంపెనీ 5,500 కోట్ల నాణేలను తాళం వేసినట్టుగా ఎస్క్రోలో పెట్టి, నెలకు 100 కోట్ల చొప్పున విడుదలయ్యేలా, వాడని వాటిని తిరిగి ఎస్క్రోలోకే పంపేలా ఏర్పాటు చేసింది. గుంటూరు మిర్చి యార్డుతో పరిచయం ఉన్నవారికి దీని అర్థం వెంటనే బోధపడుతుంది. ఆ ఉదయం యార్డుకు ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయో మాత్రమే చూసి ధర అంచనా వేసే వ్యాపారి అక్కడ ఉండడు. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలలో ఎంత సరుకు ఉంది, అది ఎవరిది, ఎప్పుడు బయటికి వస్తుంది అన్నది లెక్క వేసుకున్న తరువాతే పాట పాడతాడు. ఏ నాణేనికైనా చలామణిలో ఉన్నవాటి విలువ, మొత్తం నాణేల విలువ అని రెండు అంకెలు ధరల వెబ్‌సైట్లలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే నిల్వ సరుకు అంత ఎక్కువ ఉన్నట్టు.

ఎక్స్‌ఆర్‌పీ మీద అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో వేసిన కేసు ఇప్పుడు అడ్డు కాదు. ఎక్స్ఛేంజిలలో సామాన్యులకు జరిగిన అమ్మకాలు సెక్యూరిటీల (షేర్ల వంటి పెట్టుబడి పత్రాల) కిందికి రావని, సంస్థలకు నేరుగా చేసిన అమ్మకాలు వస్తాయని 2023 జులైలో కోర్టు తీర్పునిచ్చింది. 2024 ఆగస్టులో 12.5 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. 2025 ఆగస్టులో ఇరుపక్షాలు అప్పీళ్ళు విరమించుకోవడంతో వివాదం ముగిసింది. అయినా రెండవ ప్రశ్న అలాగే మిగిలి ఉంది. రిపుల్ సేవలను ఒక బ్యాంకు వాడుకున్నంత మాత్రాన ఆ బ్యాంకు ఎక్స్‌ఆర్‌పీ కొని దాచుకోవలసిన అవసరం లేదు. కంపెనీ వృద్ధి వేరు, నాణెం విలువ వేరు. 2018 జనవరిలో మూడున్నర డాలర్లు దాటినప్పుడు కొన్నవారు మళ్ళీ ఆ స్థాయిని చూసింది 2025 జులైలో.

ఇక పాలిగన్. దీన్ని మ్యాటిక్ పేరుతో 2017లో ఆరంభించినవారు జయంతి కనానీ, సందీప్ నైల్‌వాల్, అనురాగ్ అర్జున్ అనే భారతీయులే. మన వారి కృషి అన్న గౌరవం నాకూ ఉంది. కానీ ఇంతవరకు చెప్పిన మాటకు పాలిగన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. పేరున్న సంస్థలు దాన్ని వాడాయి, లావాదేవీలు జోరుగా సాగాయి, రుసుము పైసలలో ఉండేది. ఆ చౌకదనం వల్లనే నాణెం పట్టుకున్నవారికి చేరిందేమీ లేకపోయింది. 2021 డిసెంబరులో దాదాపు 2.90 డాలర్లు పలికిన నాణెం, 2024 సెప్టెంబరులో పీఓఎల్ అనే కొత్త నాణెంగా మారింది. ఆ కొత్త నాణేనికి ఏటా 2 శాతం అదనపు విడుదల కూడా పెట్టారు. 2025లో ధర పాత గరిష్ఠంలో పదో వంతు కంటే దిగువకు చేరింది. స్వదేశీ అభిమానంతో కొనదలిస్తే మంగళగిరి చీర కొనండి, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

కార్డానో గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. గరిష్ఠ పరిమితి 4,500 కోట్ల నాణేలు, పరిశోధనాపత్రాల మీద కట్టిన పద్ధతి, ఓపికగా సాగే అభివృద్ధి, వీటన్నిటికీ మెచ్చుకోవచ్చు. కానీ వాడకం ఇథీరియం, సొలానాల దరిదాపులకు రాలేదు. 2021 సెప్టెంబరులో మూడు డాలర్లు దాటిన ధర, ఆ తరువాత వచ్చిన క్రిప్టో ఊపులలో కూడా అందులో సగాన్ని అందుకోలేకపోయింది.

మీ బావమరిదికి, మీ మిత్రులకు నా అభిప్రాయం రుచించకపోవచ్చు. ఈ అయిదింటిలో పదేళ్ళ మాట ఎత్తదగినది ఇథీరియం ఒక్కటే. దాని తరువాత, అంతకంటే చాలా తక్కువ మొత్తంతో, సొలానా. మిగిలిన మూడూ ధర ఊగిసలాట మీద ఆశతో కొనేవి, దీర్ఘకాలిక మదుపు అనదగినవి కావు. పైగా మీరు పెట్టదలచింది పాప చదువు డబ్బు. ఆమెకు పదేళ్ళ లోపు వయసే కనుక పోస్టాఫీసులోగాని బ్యాంకులోగాని సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతానికి పెరిగింది, మూడు నెలలకోసారి కేంద్రం సమీక్షిస్తుంది. 5,000 రూపాయలలో 4,500 అటువంటి ఖాతాలకు, మ్యూచువల్ ఫండ్లకు పోనిచ్చి, పూర్తిగా పోయినా ఇంట్లో మాట రాని 500 రూపాయలను మాత్రమే క్రిప్టోకు కేటాయించండి. ఆ 500లోనూ బిట్‌కాయిన్‌కు సగం తగ్గకుండా ఉండాలని నా సలహా.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాను. లక్షల ధర పలికే బిట్‌కాయిన్ మనకు అందదు. షిబా ఇను నాణెం పైసాలో భాగానికే వస్తోంది. 10,000 రూపాయలకు లక్షల కొద్దీ నాణేలు వస్తాయి. ఏనాటికైనా ఒక్కొక్కటి ఒక్క రూపాయి అయితే జీవితం స్థిరపడుతుంది కదా? — బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఒక్క రూపాయి అన్నది చిన్న కోరికలాగే వినిపిస్తుంది. లెక్క వేసి చూడండి. షిబా ఇను నాణేలు సుమారు 589 లక్షల కోట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి రూపాయి కావాలంటే వాటి మొత్తం విలువ 589 లక్షల కోట్ల రూపాయలు కావాలి. 2024-25లో మన దేశపు స్థూల దేశీయోత్పత్తి సుమారు 330 లక్షల కోట్ల రూపాయలు. దేశంలోని పొలాలు, కర్మాగారాలు, ఐటీ కంపెనీలు, రైళ్ళు, దుకాణాలు అన్నీ కలిసి ఏడాది పొడవునా సృష్టించే విలువకు ఒకటిన్నర రెట్లు మించిన మొత్తం, ఒక కుక్క బొమ్మ నాణెం మీద నిలవాలని మీరు ఆశిస్తున్నారు. 2021 అక్టోబరులో ఆ నాణెం చరిత్రలోనే అత్యధిక ధరకు చేరినప్పుడు కూడా మన లెక్కలో పూర్తి పైసా కాలేదు.

మొదట ఆ నాణేలు 1,000 లక్షల కోట్లు ఉండేవి. సృష్టించినవారు ప్రచారం కోసం అందులో సగాన్ని ఇథీరియం స్థాపకులలో ప్రముఖుడైన విటాలిక్ బుటెరిన్ ఖాతాకు పంపారు. ఆయన 2021 మేలో సుమారు 410 లక్షల కోట్ల నాణేలను శాశ్వతంగా రద్దుచేసి, మరికొన్నిటిని భారతదేశపు కోవిడ్ సహాయ నిధికి ఇచ్చివేశాడు. రెండో అలలో మన ఆసుపత్రులకు అది కొంత ఆసరా అయింది. ఆ నాణెం వల్ల మనకు కలిగిన నిక్కమైన మేలు బహుశా అదే.

నాణెం ఒక్కొక్కటి ఎంతకు వస్తోంది అన్నదానికి, అది చౌకా ప్రియమా అన్నదానికి సంబంధం లేదు. నాణెం ధరను నాణేల సంఖ్యతో గుణించి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. డోజ్‌కాయిన్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. 2013 డిసెంబరులో ఇద్దరు ప్రోగ్రామర్లు వేళాకోళంగా మొదలుపెట్టిన ఆ నాణేనికి గరిష్ఠ పరిమితి లేదు, ఏటా 500 కోట్ల కొత్త నాణేలు పుడుతూనే ఉంటాయి. బిట్‌కాయిన్ అందదన్న మాట కూడా సరికాదు. ఒక బిట్‌కాయిన్‌ను పది కోట్ల భాగాలుగా విభజించవచ్చు కనుక వంద రూపాయలకు ఎంత వస్తే అంతే కొనుక్కోవచ్చు. ఉద్యోగం రాకముందు మీ చేతిలో ఉన్న 10,000 రూపాయలను మాత్రం దేనిలోనూ పెట్టకండి. ఇంటర్వ్యూలకు హైదరాబాదు, బెంగళూరు తిరిగే ఖర్చులకే అవి చాలకపోవచ్చు.

ప్రశ్న: 2021లో ఊపు మీద ఉన్నప్పుడు పది రకాల నాణేలు కొన్నాను. రెండు మూడు లాభంలో ఉన్నాయి, మిగిలినవన్నీ బాగా పడిపోయాయి. పడినవి అమ్మి ఆ నష్టాన్ని లాభంలో తగ్గించి చూపించవచ్చునా? ఎక్కువ నాణేలకు పంచిపెడితే రిస్కు తగ్గుతుందని విన్నాను. ఇకముందు కూడా అలాగే చేయవచ్చునా? — తెనాలి

జవాబు: చూపించడానికి వీలు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం కట్టాలి. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ మినహాయించరు, ఎక్స్ఛేంజికి చెల్లించిన రుసుము కూడా ఖర్చు కింద రాదు. ఒక నాణెం మీద వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో సర్దుబాటు చేయనివ్వరు, వచ్చే ఏడాదికి తీసుకుపోనివ్వరు. పదేళ్ళు ఉంచుకున్నారని రేటు తగ్గదు. షేర్లను ఏడాదికి మించి ఉంచుకుంటే 1.25 లక్షల రూపాయలు దాటిన లాభం మీద 12.5 శాతమే పన్ను ఉండి, నష్టాన్ని ఎనిమిదేళ్ళ వరకు తీసుకుపోయే వీలు ఉన్న సంగతితో దీన్ని పోల్చి చూడండి.

మీ రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఈ నిబంధనలోనే ఉంది. పది నాణేలలో 10,000 చొప్పున లక్ష రూపాయలు పెట్టారనుకోండి. తొమ్మిది నాణేలు 80 శాతం పడిపోయి, ఒక్కొక్కటి 2,000 చొప్పున 18,000 మిగిలాయి. పదవది తొమ్మిది రెట్లు పెరిగి 90,000 అయింది. అన్నీ అమ్మితే చేతికి 1,08,000 రావాలి, అంటే 8,000 లాభం. పన్ను లెక్క మాత్రం అలా సాగదు. పదవ నాణెం మీద వచ్చిన 80,000 లాభానికి 31.2 శాతం చొప్పున 24,960 రూపాయలు కట్టాలి, మిగిలిన తొమ్మిదింటిలో పోయిన 72,000 ఎవరి లెక్కలోకీ రాదు. చివరకు మీకు మిగిలేది 83,040. తొమ్మిది రెట్లు పెరిగిన నాణేన్ని ముందే పసిగట్టిన వ్యక్తి కూడా దాదాపు 17,000 నష్టపోయాడు. అమెరికా యూట్యూబర్లు చెప్పే పంచిపెట్టే సూత్రం మన దేశపు పన్ను విధానంలో ఎదురు తిరుగుతుంది. ఆల్ట్‌కాయిన్లు కొనదలిస్తే ఒకటి, మహా అయితే రెండు, అంతకు మించవద్దని నేను చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఒక నాణేన్ని మరో నాణెంలోకి మార్చుకున్నా అది అమ్మకం కిందికే వస్తుంది, రూపాయి చేతికి రాకపోయినా పన్ను బాధ్యత ఏర్పడుతుంది. 2022 జులై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ కూడా కోస్తున్నారు. నష్టానికి అమ్మినా ఆ కోత తప్పదు, రిటర్ను దాఖలు చేసినప్పుడు మాత్రం కట్టవలసిన పన్నులో దాన్ని సర్దుకోవచ్చు, ఎక్కువైతే తిరిగి పొందవచ్చు. ప్రతి లావాదేవీకి కొన్న తేదీ, అమ్మిన తేదీ, రెండు ధరలు రిటర్నులోని ప్రత్యేక పట్టికలో చూపాలి కనుక ఎక్స్ఛేంజి నుంచి స్టేట్‌మెంట్లు దింపుకొని మీ ఆడిటరు గారికి జూన్‌లోపే అందజేయండి.

పడిపోయినవాటిని ఉంచాలా అమ్మాలా అన్నది పన్నుతో సంబంధం లేకుండా తేల్చుకోవలసిన విషయం. 90 శాతం పడిన నాణెం పాత ధరకు రావాలంటే పది రెట్లు పెరగాలి. 2018 ఆరంభంలో పెద్ద నాణేల సరసన వెలిగిన నెమ్, ఐయోటా, డాష్, నియోలు ఆనాటి గరిష్ఠాలను ఆ తరువాత చూడలేదు. ఈఓఎస్ అయితే ఏడాది పొడవునా సాగిన నాణేల విక్రయంలో 400 కోట్ల డాలర్లకు పైగా సమీకరించి కూడా వెనుకబడిపోయింది. బిట్‌కాయిన్ లేచినప్పుడల్లా మిగిలినవన్నీ లేస్తాయన్న నమ్మకానికి ఈ పేర్లే సమాధానం. మీ దగ్గర ఉన్న నాణేనికి గడచిన ఏడాదిలో వాడకం, దాని మీద పనిచేసేవారు ఉన్నారో లేదో చూడండి. లేకపోతే వచ్చినకాడికి తీసుకొని బయటపడండి.

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అపార్టుమెంటులో పరిచయస్తుడొకరు కొత్త నాణెం ఒకటి కొని స్టేకింగ్‌లో పెడితే నెలకు 12 శాతం వస్తుందని, ఇంకో ఇద్దరిని చేర్పిస్తే అదనంగా ఇస్తారని చెబుతున్నారు. స్టేకింగ్ అన్నది నిజమైన పద్ధతే కదా? — మంగళగిరి

జవాబు: పద్ధతి నిజమైనదే, ఆయన చెబుతున్నది మాత్రం అది కాదు. ఇథీరియంలో స్టేకింగ్ చేస్తే ఏడాదికి సుమారు 3 శాతం వస్తుంది, అదీ రూపాయలలో కాక అదే నాణెంలో. కొన్ని నెట్‌వర్క్‌లలో ఇంకొంచెం ఎక్కువ కనిపించినా, కొత్త నాణేల విడుదల వల్ల విలువలో పడే కోతను తీసివేస్తే చేతికి మిగిలేది స్వల్పం. 2022 మేలో కుప్పకూలిన టెర్రా నెట్‌వర్క్ ఆశ చూపింది కూడా ఏడాదికి 20 శాతం లోపే. అంతమాత్రానికే ఆ నెట్‌వర్క్‌కు చెందిన లూనా నాణెం 80 డాలర్ల పైనుంచి వారం రోజులలో సెంటులో భాగానికి పడిపోయి ప్రపంచవ్యాప్తంగా లక్షల కుటుంబాలు నష్టపోయాయి. రోజువారీ రాబడి ఆశ చూపిన బిట్‌కనెక్ట్ 2018 జనవరిలో మూతపడింది. నెలకు 12 శాతం అన్నవారి మాట అంతకంటే ఎంతో దూరం వెళ్ళింది, పైగా మనుషులను చేర్పించమంటున్నారు. మీ పింఛను డబ్బులో ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే మొహమాటపడకుండా సైబర్ నేరాల ఫిర్యాదులకు ఉన్న 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: మావారు కొంత ఇథీరియం, కొంత సొలానా కొన్నారు. మొదట ఎక్స్ఛేంజిలో ఉంచి, ఇప్పుడు పెన్‌డ్రైవ్ లాంటి పరికరంలోకి మార్చారు. ఏవో 24 మాటలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టానని మాత్రం చెప్పారు. నాకు వీటి గురించి ఏమీ తెలియదు. పదేళ్ళు ఉంచుతామంటున్నారు కనుక అడుగుతున్నాను, ఎక్కడ ఉంచడం క్షేమం? — లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో అత్యంత ఉపయోగకరమైన ప్రశ్న మీదే. ఏ నాణెం కొనాలని అడిగినవారు ఎందరో ఉన్నారు, ఎక్కడ ఉంచాలని అడిగినవారు మీరొక్కరే.

ఎక్స్ఛేంజిలో ఉంచిన నాణేలకు బ్యాంకు డిపాజిట్ మీద 5 లక్షల వరకు ఉండే బీమా వంటి రక్షణ లేదు. కేంద్రం 2023 మార్చిలో ఎక్స్ఛేంజిలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలన్న నియమం పెట్టింది. అక్కడ నమోదైన ఎక్స్ఛేంజిలోనే ఖాతా తెరవాలి, కానీ ఆ నమోదు మీ సొమ్ముకు పూచీ కాదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజి మీద జరిగిన సైబర్ దాడిలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు పోయాయి. అది ఖాతాదారులు దాచుకున్న మొత్తంలో దాదాపు 45 శాతం. కార్యకలాపాలు నిలిచిపోయి, వ్యవహారం సింగపూర్ కోర్టుకు వెళ్ళి, మళ్ళీ ట్రేడింగ్ మొదలయ్యేసరికి 2025 అక్టోబరు వచ్చింది. అందుచేత దీర్ఘకాలానికి సొంత పరికరంలోకి మార్చాలన్న మీవారి నిర్ణయం సరైనదే.

అయితే ఆ పరికరం కంటే ఆ 24 మాటలే ముఖ్యమని మీరు గ్రహించాలి. పరికరం పోయినా, పాడైనా, ఆ మాటలను అదే వరుసలో కొత్త పరికరంలో ఎక్కిస్తే నాణేలు తిరిగి వస్తాయి. ఆ మాటలు పోతే, పరికరం కూడా పాడైతే, ఏ కోర్టూ ఏ కంపెనీ వాటిని తిరిగి ఇప్పించలేదు. ఆ మాటలు మరొకరి కంటపడితే మీకు తెలియకుండానే నాణేలు వెళ్ళిపోతాయి. కనుక వాటిని ఫోనుతో ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు, కంప్యూటరులో దాచకూడదు. బీరువాలో ఉన్న కాగితానికి చెదలు, తడి, శుభ్రం చేసేటప్పుడు పాత బిల్లులతోపాటు చెత్తలోకి పోయే ప్రమాదం ఉన్నాయి. స్పష్టమైన అక్షరాలతో రెండు ప్రతులు రాయించి, ఒకటి బ్యాంకు లాకరులో బంగారంతోపాటు ఉంచండి, రెండవది మీరిద్దరూ నమ్మే మరో చోట ఉంచండి.

సొంత పరికరంలోని నాణేలకు బ్యాంకులో మాదిరిగా నామినీ పెట్టే వీలు లేదు. మీవారి వీలునామాలో ఈ ఆస్తి ఉన్నదని, ఎవరికి చెందాలని రాయించండి, ఆ 24 మాటలను మాత్రం వీలునామాలో రాయించకండి, ఎందుకంటే అది పలువురి చేతులు మారే పత్రం. కొన్న తేదీలు, ధరలు ఉన్న ఎక్స్ఛేంజి స్టేట్‌మెంట్లను కూడా ముద్రించి అదే లాకరులో పెట్టండి. అవి లేకపోతే రేపు మీరో పిల్లలో అమ్మినప్పుడు కొన్న ధరను రుజువు చేయలేక, ఎక్కువ మొత్తం మీద పన్ను కట్టవలసిన ఇబ్బంది వస్తుంది.

ఇవన్నీ చేసిన తరువాత ఒక ఆదివారం మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. నాణేలను ఇప్పటికే పరికరంలోకి మార్చి ఉన్నారు కనుక, మరో కొత్త పరికరంలో కాగితం మీది మాటలను ఎక్కించి ఆ నాణేలను రప్పించే పని ఆయన చెబుతుండగా మీరే మీ చేతులతో చేయండి. అది సవ్యంగా జరిగే వరకు పాత పరికరాన్ని అలాగే ఉంచండి.